నాన్న రిపోర్టులో రెండు 'హెచ్'లు

ఈ ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. రాసినావిడకు 36 ఏళ్ళు, అక్కడే ఒక స్కూల్లో టీచరు. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, దానికి తోడు రెండు ల్యాబ్ రిపోర్టుల ఫోటోలు, బీపీ మాత్రల అట్ట ఫోటో ఒకటి. అంతా వేయడానికి చోటు లేదు కాబట్టి కుదించి చెప్తాను.

అమ్మానాన్న చిత్తూరులో ఉంటారు. నాన్నకు 63, ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్ళు బెంగళూరు రూటు, కొన్నాళ్ళు తిరుమల ఘాట్ రోడ్డు. మూడేళ్ళుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు, షుగర్ లేదు. జనవరిలో హెల్త్ చెకప్ చేయిస్తే యూరిక్ యాసిడ్ 8.6, క్రియాటినిన్ (కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగేది) 1.3 వచ్చాయి. చిత్తూరులో ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు "కీళ్ళ నొప్పి లేనప్పుడు దీనికి మందు అక్కర్లేదు, నీళ్ళు బాగా తాగండి, మూడు నెలలాగి చూద్దాం" అన్నారట. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నయ్యకు ఆ మాట నచ్చలేదు. యూరిక్ యాసిడ్ వల్లే గుండెపోటు, యూరిక్ యాసిడ్ వల్లే కిడ్నీ ఫెయిల్యూర్ అని వరసగా వీడియోలు పంపి, చివరికి యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ 80 మాత్రలు కొని కొరియర్ చేశాడు. అయిదు వారాలు వాడాక మళ్ళీ టెస్టు చేయిస్తే యూరిక్ యాసిడ్ 5.4కి దిగింది, క్రియాటినిన్ మాత్రం 1.6కి ఎక్కింది. "చూశావా, ఇన్నాళ్ళు వదిలేసినందుకు కిడ్నీ దెబ్బతినింది, మాత్ర ఆపమని నువ్వు గానీ చెప్పి నాన్నకేమన్నా అయితే నీదే పూచీ" అన్నాడట. అప్పట్నుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు.

మధ్యలో అమ్మ. వాట్సాప్‌లో వచ్చిన లిస్టు పట్టుకుని పప్పు, టమాటా, పాలకూర, చివరికి పెరుగు కూడా మానిపించింది. ఉగాదికి ఓళిగలు చేసి, శనగపప్పు కదా అని నాన్నకు ఒక్కటీ పెట్టలేదట. ఉత్తరంలో ఒక వాక్యం నేను రెండుసార్లు చదివాను: "మొన్న శనివారం వెళ్ళేసరికి నాన్న సంగటి ముద్దలో గుంట చేసుకుని, అందులో పోసుకోవడానికి ఏమీ లేక అమ్మ మొహం చూస్తూ కూర్చున్నాడు."

ఇక చివరి పేజీలో, "ఇవి అంత పెద్ద విషయాలు కావేమో" అంటూ రెండు మాటలు రాశారు. ఒకటి, నాన్న పాత డ్యూటీ సంచిలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల ఖాళీ అట్టలు ఆరు కనిపించాయి, అడిగితే మోకాళ్ళకని ఒకసారి, కాలి వేలికని ఒకసారి చెప్పారు. రెండోది, రెండేళ్ళ కిందట అలిపిరి మెట్ల దారిన నడిచి మొక్కు తీర్చుకుని వచ్చిన రాత్రి ఆయన కుడికాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా అరిచారట. బెణికిందేమోనని పుత్తూరు కట్టు కట్టించుకొచ్చారు, వారానికి తగ్గిపోయింది.

ఇప్పుడు ఆవిడ అడుగుతున్నది: యూరిక్ యాసిడ్ నిజంగా గుండెనీ కిడ్నీనీ తినేస్తుందా? ఆ మాత్ర ఉంచాలా, ఆపించాలా? అన్న మాట వినాలా, డాక్టరు మాట వినాలా?

అమ్మా,

పెద్ద విషయాలు కావేమో అన్నారే, మీ ఉత్తరంలో నాకు కనిపించిన పెద్ద విషయాలు ఆ రెండే. వాటి దగ్గరికి వస్తాను, ముందు మీరు అడిగిన దానికి జవాబు చెప్పనివ్వండి. ఒక మాట మాత్రం మొదటే: నేను మీ నాన్నగారిని చూడలేదు, మీరు రాసినదీ పంపినదీ చూసి మాట్లాడుతున్నాను, కాబట్టి ఇది చికిత్స కాదు, ఆయన్ని చూసే డాక్టరు దగ్గర ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొచ్చే మాటలు.

మన ఒంట్లో కణాలు పాతబడి చస్తున్నప్పుడూ, మాంసం చేపల్లాంటివి అరుగుతున్నప్పుడూ ప్యూరిన్లు అనేవి బయటపడతాయి, అవి విరిగి చివరికి మిగిలే చెత్త యూరిక్ యాసిడ్. దాంట్లో సుమారు మూడింట రెండు వంతులు కిడ్నీ, మిగతాది పేగు బయటికి పంపుతాయి. ఆవుకీ మేకకీ దీన్ని ఇంకా విరిచేసే ఎంజైము ఒకటి ఉంది, మనకీ పెద్ద కోతులకీ కోట్ల ఏళ్ళ కిందటే అది పోయింది, అందుకే ఈ గొడవంతా మనకి. రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాముల దాకా ఇది కరిగి ఉంటుంది, ఆపైన ఉప్పు పలుకుల్లా స్ఫటికాలు కట్టే అవకాశం మొదలవుతుంది. అవకాశం అంటున్నాను, తప్పనిసరి అనడం లేదు. నాకే 7.4 ఉంది, ఎనిమిదేళ్ళుగా అక్కడక్కడే ఉంది, ఏ మాత్రా వేసుకోవడం లేదు.

ఇప్పుడు మన చెరువు సంగతి ఆలోచించండి. చెరువులో నీళ్ళు పెరిగితే పై నుంచి వాగు ఎక్కువ వచ్చిందని కావచ్చు, తూము పూడిపోయి కిందికి పోవడం లేదని కావచ్చు. యూరిక్ యాసిడ్ విషయంలో తూము కిడ్నీ. పెరిగినవాళ్ళలో ఎక్కువమందికి కారణం తూము దగ్గరే ఉంటుంది. అంటే కిడ్నీ కాస్త మందగించినా ఈ నంబరు పెరుగుతుంది. బీపీ, అధిక బరువు, షుగర్ మొదలయ్యే ముందు దశ, ఇవన్నీ ఉన్నవాళ్ళలోనూ పెరుగుతుంది, గుండెజబ్బు వచ్చేదీ ఎక్కువగా వాళ్ళకే. అందుకని గుండెజబ్బు వాళ్ళనీ కిడ్నీ జబ్బు వాళ్ళనీ వరసగా నిలబెట్టి రక్తం తీస్తే చాలామందిలో యూరిక్ యాసిడ్ ఎక్కువే కనిపిస్తుంది. దీన్నిబట్టి జబ్బు తెచ్చింది అదేనని తీర్మానం చేయడం, మరవ పారుతుంటే ఆ నీళ్ళనే తప్పుబట్టడం లాంటిది. మీ పెదనాన్న గారికి డయాలసిస్ రోజుల్లో యూరిక్ యాసిడ్ 9 దాటిందని, అన్నయ్య భయమంతా అక్కడే మొదలైందని రాశారు కదా. ఆయనకు పాతికేళ్ళ షుగర్ అని కూడా మీరే రాశారు. షుగర్ కిడ్నీని దెబ్బతీసింది, కిడ్నీ దెబ్బతిన్నాక యూరిక్ యాసిడ్ పెరిగింది, వరస అదే అయ్యుంటుంది. ఇది అన్నయ్యకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

అయితే మీ అన్నయ్య చెప్పేది ఉత్త గాలి మాట అని మాత్రం అనకండి, ఆ మాట అంటే మీరు ఓడిపోతారు. 2001, 2002లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో యూరిక్ యాసిడ్ పెంచితే బీపీ పెరిగింది, కిడ్నీలోని సన్న రక్తనాళాలు మందమయ్యాయి. 2008లో అమెరికాలో కొత్తగా బీపీ వచ్చిన 30 మంది టీనేజ్ పిల్లలకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చి చూస్తే బీపీ తగ్గింది. పేరున్న పత్రికల్లో వచ్చినవే ఇవి. డాక్టర్లు కూడా ఆశపడ్డారు, నేనూ ఆశపడ్డాను, చవకైన మాత్ర కదా, ఇంత చిన్న మందుతో డయాలసిస్ వెనక్కి జరిగితే అంతకంటే ఏం కావాలి.

ఆ ఆశతోనే పెద్ద పరీక్షలు చేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కిడ్నీ మందగించి, గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్ళలో చేరి వచ్చే వాపు, నొప్పి) ఎప్పుడూ రాని 369 మందిని తీసుకుని సగంమందికి అల్లోప్యూరినాల్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రెండేళ్ళు చూశారు. మందు వేసుకున్నవాళ్ళలో యూరిక్ యాసిడ్ 8 పైనుంచి 5 దగ్గరికి దిగింది, అంటే మందు తన పని తాను చేసింది, కానీ కిడ్నీ తగ్గే వేగం రెండు జట్టుల్లోనూ ఒకటే. టైప్ 1 షుగర్ ఉన్న 530 మంది మీద మూడేళ్ళు చేసిన ఇంకో పరీక్షలోనూ అదే కథ. రెండూ 2020లోనే బయటికొచ్చాయి. గుండె సంగతి 2022లో తేలింది: బ్రిటన్‌లో 60 దాటిన, గుండె రక్తనాళాల జబ్బు ఉన్న, గౌట్ లేని 5,721 మందిని దాదాపు అయిదేళ్ళు చూస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో చావు అన్నీ కలిపి మందు వాడినవాళ్ళలో 11 శాతం, వాడనివాళ్ళలో 11.3 శాతం. తేడా లేనట్టే. అందుకే 2024 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు, ఏ బాధా లేకుండా ఒట్టి నంబరు పెరిగినంత మాత్రాన కిడ్నీని కాపాడటానికని ఈ మందులు వాడొద్దనే సలహా ఇస్తున్నాయి. జపాన్ డాక్టర్లు మాత్రం కిడ్నీ జబ్బో బీపీనో తోడుంటే మనకంటే ముందే మందు మొదలుపెడతారు, కాబట్టి లోకమంతా ఒకే మాట మీద ఉందని చెప్పను. కానీ చిత్తూరు డాక్టరు గారు జనవరిలో తనకు తెలిసినంతలో చెప్పింది సరైన మాటే.

తనకు తెలిసినంతలో అన్నాను చూడండి. ఆయనకు ఆ బొటనవేలు సంగతి ఎవరైనా చెప్పారా?

చెప్పి ఉండరు. బెణుకు అనుకున్నారు కాబట్టి అది రక్తపరీక్షకు సంబంధించిన విషయమని ఇంట్లో ఎవరికీ తట్టి ఉండదు. కానీ మీరు రాసిన తీరు చూడండి: మెట్లెక్కి ఒంట్లో నీళ్ళు తగ్గిన రోజు, అర్ధరాత్రి లేచేంత నొప్పి, సరిగ్గా బొటనవేలి మొదట్లో, ఎరుపు, వాపు, దుప్పటి కూడా తగలనివ్వకపోవడం, వారంలో దానంతటదే తగ్గడం. వైద్య విద్యార్థికి గౌట్ గురించి పాఠం చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నేను కూడా కల్పించలేను. పెద్దవాళ్ళు దీన్నే వాతం అనేస్తారు. గౌట్ నొప్పి మందు లేకపోయినా వారం పది రోజుల్లో దిగిపోతుంది, ఆ వారం కాలికి కట్టు ఉంది కాబట్టి పేరు కట్టుకి వచ్చింది. బెణుకని మనమే చెప్పుకుని వెళ్తే కట్టేవాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అది నిజంగా గౌటేనా అనేది నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, చూసే డాక్టరు తేల్చాలి, వేలు మళ్ళీ వాచినప్పుడు అందులోంచి నీరు తీసి చూస్తే, లేదా మంచి అల్ట్రాసౌండ్ చేయిస్తే ఇంకా గట్టిగా తెలుస్తుంది. కానీ గౌట్ అయితే లెక్కంతా మారుతుంది. అప్పుడు యూరిక్ యాసిడ్ తగ్గించే మందు గుండె కోసమూ కాదు, కిడ్నీ కోసమూ కాదు, కీళ్ళ కోసం. కిడ్నీ కాస్త మందగించినవాళ్ళకు మొదటిసారి నొప్పి రాగానే మందు మొదలుపెట్టే విషయం ఆలోచించమంటారు, ఎందుకంటే వాళ్ళకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు విషంతో సమానం, నొప్పి రాకుండా చూసుకోవడమే దారి.

తమాషా ఏమిటంటే మీ అన్నయ్య తప్పు కారణంతో పంపిన మాత్ర సరైన కారణానికి అవసరం పడొచ్చు. మీరు సరైన డాక్టరు వైపు నిలబడ్డారు, కానీ ఆ డాక్టరుకు సగం కథే తెలుసు. ఇద్దరిలో ఎవరు గెలిచారో నేను తేల్చను.

ఇప్పుడు డ్యూటీ సంచి. క్రియాటినిన్ 1.3 నుంచి 1.6 అంటే చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది. ఆయన వయసు వేసి లెక్క కడితే కిడ్నీ వడపోత అంచనా సుమారు 62 నుంచి 48కి పడింది. అయిదు వారాల్లో ఇంత పడటానికి యూరిక్ యాసిడ్‌ని వదిలేయడం కారణమంటే నేను నమ్మను, పైగా ఆ అయిదు వారాల్లో అది తగ్గింది కదా. నాకు తోచిన వరస ఇదీ. 80 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కసారిగా మొదలుపెట్టారు, రక్తంలో యూరిక్ యాసిడ్ గబుక్కున దిగింది, అలా దిగినప్పుడు కీళ్ళలో ముందే పేరుకున్న స్ఫటికాలు కదిలి నొప్పి రేగుతుంది, ఇది బాగా తెలిసిన సంగతే, అందుకే డాక్టర్లు తక్కువ డోసుతో మొదలుపెట్టి మొదటి మూడు నుంచి ఆరు నెలలు నొప్పి రాకుండా వేరే మందు తోడిస్తారు. "కాలి వేలికని ఒకసారి చెప్పారు" అన్నారే, అది ఇదే అయ్యుండొచ్చు. వేలు సలిపింది, కొడుకు పంపిన మాత్ర వల్ల అని ఆయనకు తెలీదు, తెలిసినా కొడుకుని నొప్పించలేక చెప్పడు, వీధి చివరి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని సంచిలో దాచుకున్నాడు. ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టిన మనిషి నొప్పి అని ఇంట్లో చెప్పుకోడు.

ఇక రెండు 'హెచ్'ల సంగతి. జనవరి రిపోర్టులో 8.6 పక్కన లావు అక్షరాల్లో 'హెచ్' అని ఉంది, ఎక్కువ ఉందని గుర్తు, ఇంట్లో అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి. మీరు పంపిన బీపీ మాత్రల అట్ట ఫోటో పెద్దది చేసి చూడండి, టెల్మిసార్టాన్ పేరు పక్కన అక్కడా ఒక 'హెచ్' ఉంది. అది హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో నీటినీ ఉప్పునీ బయటికి పంపే మందు. బీపీకి మంచిదే, కానీ యూరిక్ యాసిడ్‌ని బయటికి పోనివ్వదు, ఒంట్లోనే నిలబెడుతుంది. రిపోర్టులో ఉన్న ఆ 'హెచ్'కి అట్ట మీది ఈ 'హెచ్' కొంత కారణం కావచ్చు. మూడేళ్ళ కిందట ఇది మొదలైంది, రెండేళ్ళ కిందట బొటనవేలు వాచింది. నేనైతే ముందు దీన్నే అనుమానిస్తాను. పైగా టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, డైక్లోఫెనాక్ ఈ మూడూ ఒకే కడుపులో పడితే, అందులోనూ మన ఎండాకాలంలో, కిడ్నీకి రక్తం అందే దారి నాలుగు వైపులా మూసినట్టే. 1.6 వెనక ఉన్నది ఇదేనని నా గట్టి అనుమానం, సమయానికి ఆపితే చాలావరకు వెనక్కి వచ్చే రకం కూడా ఇదే.

కాబట్టి డైక్లోఫెనాక్ విషయంలో మాత్రం ఆప్షన్లు లేవు, ఈ రోజే ఆగాలి. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ అని పేరు మార్చి వేసుకున్నా అంతే. మోకాళ్ళకు పారాసిటమాల్, పైన రాసే జెల్లు, తొడ కండరాలకు వ్యాయామం ఉన్నాయి. వేలు మళ్ళీ వాస్తే డాక్టరు కిడ్నీని చూసుకుని స్టిరాయిడ్ నాలుగు రోజులో, కొల్చిసిన్ చిన్న డోసో ఇస్తారు, అవి సొంతంగా కొనేవి కావు. బీపీ మాత్రను మాత్రం ఆయనంతట ఆయన ఆపేయకూడదు, 'హెచ్' ఉందని భయపడి ఆపితే బీపీ ఎగబాకుతుంది, కిడ్నీకీ గుండెకీ అసలైన శత్రువు అదే. వాంతులు గానీ, ఒంటేలు బాగా తగ్గడం గానీ, కాళ్ళు మొహం ఉబ్బడం గానీ ఉంటే అపాయింట్‌మెంట్లు చూసుకోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మిగతావాటిలో మీకు దారులున్నాయి, ఏ దారికి ఏముందో చెప్తాను.

అన్నయ్య పంపిన మాత్రే అలా కొనసాగించొచ్చు. నంబరు చక్కగా కనిపిస్తుంది, అన్నయ్యతో గొడవ ఉండదు. కానీ ఎవరూ చూడకుండా 80 మిల్లీగ్రాములు వేసుకోవడం అది. ఈ మందు మీద 2018లో ఒక పెద్ద పరీక్ష బయటికొచ్చింది, గౌట్‌తోపాటు గుండెజబ్బు కూడా ఉన్న 6,190 మంది మీద చేసింది. అందులో ఫెబుక్సోస్టాట్ వాడినవాళ్ళలో గుండెజబ్బు చావులు 4.3 శాతం, అల్లోప్యూరినాల్ వాడినవాళ్ళలో 3.2 శాతం. దాంతో 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది. తర్వాత 2020లో యూరప్‌లో 6 వేల మందికి పైగా మీద చేసిన పరీక్షలో అలాంటి తేడా ఏమీ కనపడలేదు, కాబట్టి విషం అని నేను అనను. కానీ గుండెను కాపాడటానికని ఎంచుకున్న మందు మీదే గుండె గురించి హెచ్చరిక ఉందని అన్నయ్యకు తెలుసా? అడిగి చూడండి, దెప్పిపొడిచే గొంతుతో కాదు.

రెండో దారి, మాత్ర ఆపేసి జనవరిలో చెప్పినట్టు ఊరుకోవడం. ఆ వేలి నొప్పి గౌట్ కాదని తేలితే ఇదే నాకిష్టమైన దారి. బీపీ మాత్రలో 'హెచ్' తీసేసి ఇంకోటి, ఎమ్లోడిపిన్ లాంటిది, పెట్టడం కుదురుతుందేమో అడగండి. టెల్మిసార్టాన్ స్థానంలో లోసార్టాన్ ఇస్తే అది యూరిక్ యాసిడ్‌ని కాస్త బయటికి పంపుతుంది కూడా. ఈ మార్పుతోనే 8.6 కాస్త దిగొచ్చు. కానీ గౌటే అయ్యుంటే ఇలా ఊరుకుంటే ఇంకో రాత్రి ఇంకో కీలు వాస్తుంది, ఆయన మళ్ళీ మెడికల్ షాపుకు వెళ్తాడు, కథ మొదటికొస్తుంది.

మూడోది, గౌట్ అని డాక్టరు నమ్మితే పద్ధతిగా మందు వాడటం. సాధారణంగా అల్లోప్యూరినాల్‌తో మొదలుపెడతారు, కిడ్నీ మందగించినవాళ్ళకు 50 మిల్లీగ్రాములతో మొదలెట్టి కొన్ని వారాలకోసారి పెంచుతూ 6 కంటే కిందికి తెస్తారు. ఇది ఏళ్ళ తరబడి వేసుకునేది, నొప్పి పోయిందని ఆపేసేది కాదు. మొదటి నెలల్లో వేలు సలపొచ్చు, దానికి ముందే తయారుగా ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు గానీ నోట్లో పుళ్ళు గానీ వస్తే ఆ పూటే ఆపి పరిగెత్తాలి, అరుదే కానీ ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ అది. ఫెబుక్సోస్టాట్‌నే తక్కువ డోసులో ఉంచుదామని ఆయన అన్నా ఆశ్చర్యపోకండి, అదీ ఒక పద్ధతే, తేడా అల్లా ఎవరో ఒకరు బాధ్యతగా చూస్తున్నారన్నదే. ఏదైనా గానీ, ఇన్నాళ్ళూ వాడారు కాబట్టి మీరే ఆపించి మీరే మొదలెట్టించడం వద్దు, ఈ వారంలో డాక్టరును కలిసి ఆయన చేత చెప్పించండి, అలా అయితే పూచీ మీ నెత్తిన కూడా ఉండదు.

ఎక్కడ చూపించాలనేది మీ ఇష్టం. చిత్తూరు డాక్టరు గారి దగ్గరికే ఈసారి పూర్తి కథతో, సంచిలోని అట్టలతో సహా వెళ్ళొచ్చు, ఆయనకు మీ నాన్న కొత్త కాదు, అది చిన్న విషయం కాదు. లేదంటే మీ దగ్గరే స్విమ్స్ ఆస్పత్రిలో నెఫ్రాలజీ, అంటే కిడ్నీ విభాగం ఉంది, చిత్తూరు వాళ్ళకు రాయవేలూరు (వెల్లూరు) కూడా దగ్గరే. ఎక్కడైనా సరే, డైక్లోఫెనాక్ ఆపిన వారం పది రోజులకు క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడమనండి, ఒంటేలులో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష చేయించండి, కిడ్నీ స్కానింగ్ ఒకటి. మీ నాన్న కిడ్నీ ఎటు పోతోందో యూరిక్ యాసిడ్ చెప్పేదానికంటే ఆ అల్బుమిన్ పరీక్ష ఎక్కువ చెప్తుంది, అయినా హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో అది చాలాసార్లు ఉండదు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అందులో తేడా ఉంటే టెల్మిసార్టాన్ లాంటివీ, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివీ కిడ్నీని నిజంగా కాపాడినట్టు పెద్ద పరీక్షల్లో తేలిన మందులు ఉన్నాయి, అన్నయ్యకున్న తపన అటు మళ్ళితే ఎంత బాగుంటుంది. గుండె కోసమైతే బీపీ, కొలెస్ట్రాల్, బీడీ సిగరెట్, షుగర్, ఈ నాలుగూ చూసుకోవాలి.

తిండి సంగతికి వస్తే, అమ్మగారి లిస్టు పారేయండి. 2004లో అమెరికాలో 47,150 మంది మగవాళ్ళను 12 ఏళ్ళు గమనించి చెప్పిన మాట ఒకటుంది: మాంసం, సముద్రపు చేపలు ఎక్కువ తినేవాళ్ళలో గౌట్ పెరిగింది, ప్యూరిన్లున్న కాయగూరలూ గింజలూ తిన్నవాళ్ళలో పెరగలేదు, పాలు పెరుగు వాడేవాళ్ళలో తగ్గింది. ఆవిడ పెరుగు మానిపించి కూర్చుంది పాపం. కాలేయం, తలకాయ కూర, నెత్తళ్ళు, బీరు, ఇవి తగ్గించాలి. మాంసం నెలకు ఒకటి రెండుసార్లు కొంచెంగా తింటే కొంపలు మునగవు. ఎంత పథ్యం చేసినా తిండితో దిగేది మహా అయితే 1, అంతకంటే ఆశపడొద్దు.

ఆ లిస్టులో లేని ఒక వస్తువు మాత్రం మీ ఉత్తరంలో దొరికింది. మనవడితో కలిసి సాయంత్రం మామిడి జ్యూస్ డబ్బా తాగుతాడని ముచ్చటగా రాశారు. తీపి పానీయాల్లోని ఫ్రక్టోజ్‌ని కాలేయం విరిచేటప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది, మానిపించాల్సింది పప్పు కాదు, ఆ డబ్బా. తోతాపురి గుజ్జు మీద బతికే జిల్లాలో ఈ మాట అంటే తంతారని తెలుసు, అయినా అంటున్నాను. పండు కోసుకుని నాలుగు ముక్కలు తినమనండి, డబ్బా వద్దు. నీళ్ళు మాత్రం తాగమనండి. డ్యూటీలో మధ్యలో ఆపాల్సి వస్తుందని నీళ్ళు తాగకుండా ఉండే అలవాటు డ్రైవర్లకు రిటైరైనా పోదు, నా దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామందిని చూశాను.

చివరిగా అన్నయ్య. అతను పెదనాన్నను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తిప్పాడని రాశారు. అలా తిప్పిన మనిషి క్రియాటినిన్ 1.3 చూస్తే మీకు కనిపించినట్టు కనిపించదు. ఈ రాత పంపించి 'చూడు' అనొచ్చు మీరు, కానీ అతను ఇంకో వీడియో పంపుతాడు, అంతే. అతన్ని ఆ రోజుకు చిత్తూరు రమ్మనొచ్చు, కుదరకపోతే డాక్టరు గది నుంచి ఫోన్ కలపొచ్చు, ముందే డాక్టరును అడిగి. అడగాల్సింది అతని నోటితోనే అడగనివ్వండి. నాన్న సంచి గురించి మాత్రం ముందుగా చెప్పకండి, అందరి ముందూ పెట్టి ఆయన్ని దొంగను చేయొద్దు. మీరిద్దరే ఉన్నప్పుడు "వేలు ఎప్పుడు సలిపింది నాన్నా" అని అడగండి, డాక్టరు దగ్గర ఆయనే చెప్పుకుంటాడు. మాత్ర మొదలెట్టాకే సలిపిందని ఆయన నోటి నుంచి వస్తే అన్నయ్య వింటాడు, మీరు చెప్తే వినడు.

శనివారం వెళ్తున్నానన్నారు. అమ్మగారికి మాత్రం శనివారం దాకా ఆగకుండా ఈ సాయంత్రమే ఫోన్ చేయండి, ఆ సంగటి గుంటలో పప్పు పడాలి.